తప్పు నాది, కృప ఆయనది: పాపం, మనిషి బాధ్యత, దైవకృపపై తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో ‘పాపం’ అన్న మాటను రెండు రకాలుగా వాడతాం. "పాపం చేశాడు" అంటే వేలెత్తి చూపుతున్నట్టు. "పాపం, వాడు మాత్రం ఏం చేస్తాడు" అంటే జాలిపడుతున్నట్టు. నిందా జాలీ ఒకే మాటలో ఇమిడిపోయాయి. పాపం గురించి క్రైస్తవ బోధలో తలెత్తే చిక్కు ప్రశ్నలు చాలావరకు ఈ రెంటి మధ్యే నలుగుతుంటాయి. మనిషి దోషా, రోగా? రెండూ అయితే, దేవుడు అతన్ని ఏం చేయాలి?

కింద ఉన్నవి బైబిలు తరగతుల్లో మళ్ళీ మళ్ళీ వినిపించే ప్రశ్నలు. సంఘాల మధ్య భేదాలున్నచోట ఆ సంగతి చెప్పాను. నా సొంత అభిప్రాయం ఉన్నచోట అది నాదేనని తెలిసేలా రాశాను.

పాపం అంటే ఏమిటి? నేరం, తప్పు, పాపం మూడూ ఒకటేనా?

కావు. నేరం చట్టానికి సంబంధించింది. తప్పు పొరపాటు కూడా కావచ్చు. పాపం మాత్రం దేవుడితో ఉన్న సంబంధంలో జరిగేది. పాత నిబంధనలో దీనికి ప్రధానంగా మూడు హీబ్రూ మాటలున్నాయి. ‘ఖత్తా’ అంటే గురి తప్పడం. ‘ఆవోన్’ అంటే వంకరపోవడం. ‘పేషా’ అంటే తిరుగుబాటు. మన తెలుగు బైబిల్లో ఇవి సుమారుగా పాపం, దోషం, అతిక్రమం అని కనిపిస్తాయి. 51వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే దావీదు ఈ మూడింటినీ ఏకరువు పెట్టాడు.

గురి తప్పడం అన్నది ఊరికే వేదాంతులు అల్లిన అర్థం కాదు. న్యాయాధిపతులు 20:16లో బెన్యామీనీయుల్లో 700 మంది ఎడమచేతి వాటం వాళ్ళు తలవెంట్రుకను గురిపెట్టి వడిసెల రాయి విసిరినా తప్పేవాళ్ళు కారని ఉంది. అక్కడ ‘తప్పడం’ అనడానికి వాడిన క్రియ ఇదే. కొత్త నిబంధనలోని గ్రీకు మాట ‘హమార్తియా’కు కూడా మూలార్థం అదే.

ఈ మూడు మాటల్ని పక్కపక్కన పెట్టి చూడండి. గురి తప్పినవాడికి చేతకాలేదు. వంకరపోయినవాడు లోపలే పాడయ్యాడు. తిరగబడినవాడు తెలిసే చేశాడు. బలహీనత, వ్యాధి, ద్రోహం. బైబిలు వీటిలో ఏ ఒక్కదాన్నో ఎంచుకుని మిగతావాటిని పక్కన పెట్టలేదు.

"అందరూ పాపులే" అంటే అందరూ సమానంగా చెడ్డవాళ్ళనా?

కాదు. రోమా 3:23 అందరూ దేవుని మహిమను అందుకోలేకపోతున్నారని చెబుతుంది గాని అందరూ ఒకే మోతాదులో చెడ్డవాళ్ళని చెప్పదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడినవాడూ, నడి సముద్రంలో మునుగుతున్నవాడూ ఇద్దరూ తడిసినవాళ్ళే. పరిస్థితి మాత్రం ఒకటి కాదు. యజమాని ఇష్టం తెలిసి చేయని సేవకుడికి ఎక్కువ దెబ్బలు, తెలియక చేయనివాడికి తక్కువ దెబ్బలు అని యేసు చెప్పిన ఉపమానం లూకా 12లో ఉంది. ఎక్కువ తెలిసినవాడికి ఎక్కువ బాధ్యత.

కతోలిక బోధ ఇక్కడ ఇంకాస్త నిర్దిష్టంగా ఉంటుంది. ఒక పాపం మరణకరమైనది కావాలంటే మూడూ ఉండాలి: విషయం తీవ్రమైనదై ఉండాలి, అది తప్పని పూర్తిగా తెలిసి ఉండాలి, కావాలని చేసి ఉండాలి.

ఆదాము చేసినదానికి నేనెందుకు బాధ్యుణ్ణి?

ఎక్కువమందికి కోపం తెప్పించే ప్రశ్న ఇదే. ఆ కోపంలో న్యాయం ఉంది కూడా. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్ళు పులిశాయని ఇశ్రాయేలీయుల్లో ఒక సామెత ఉండేది. ఇకమీదట ఆ సామెత పలకకూడదని యిర్మీయా 31, యెహెజ్కేలు 18 రెండూ తెగేసి చెప్పాయి. పాపం చేసినవాడే చస్తాడు. తండ్రి దోషాన్ని కొడుకు మోయడు, కొడుకు దోషాన్ని తండ్రి మోయడు.

మరి రోమా 5వ అధ్యాయంలో ఒకే మనిషి ద్వారా పాపం లోకంలోకి వచ్చిందని పౌలు ఎందుకన్నాడు? ఇక్కడ ఒక చిన్న అనువాద కథ ఉంది. 5:12 చివర గ్రీకులో ‘ఎఫ్ హో’ అనే రెండు మాటలున్నాయి. లాటిన్‌లో అవి ‘అతనిలో’ అని చదువుకోవడానికి వీలిచ్చేలా తర్జుమా అయ్యాయి. దాంతో "ఆదాములో అందరూ పాపం చేశారు" అన్న అర్థం వచ్చింది. హిప్పో నగర బిషప్పు అగస్టీన్ (354–430) తన వాదనలో దాన్ని వాడుకున్నాడు. గ్రీకు చదువుకున్న తూర్పు సంఘాలకు ఆ అర్థం స్ఫురించలేదు. నేటి అనువాదాలు ఎక్కువగా ‘అందువల్ల’, ‘చేసినందున’ అనే వైపే మొగ్గుతాయి. మన తెలుగు బైబిలులో కూడా ‘మనుష్యులందరు పాపము చేసినందున’ అనే ఉంది.

అందుకే ఇక్కడ సంఘాలు వేర్వేరు మాటలు చెబుతాయి. ఆర్థడాక్స్ సంఘాల లెక్కలో ఆదాము నుంచి మనకు వచ్చింది మరణం, చెడిపోయిన స్థితి. అతని దోషం కాదు. కతోలికులు జన్మపాపాన్ని మనం ‘చేసిన’ పాపంగా కాక మనకు ‘సంక్రమించిన’ స్థితిగా వివరిస్తారు. పదహారో శతాబ్దపు ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ బాటలో నడిచే సంఘాల్లో చాలామంది ఆదామును మానవజాతి ప్రతినిధిగా చూసి, అతని దోషం కూడా మన లెక్కలో పడిందంటారు.

నాకు తోచేది ఇది. అప్పులు చేసి పోయిన తండ్రి ఇంట్లో పుట్టిన పిల్లవాడు ఆ అప్పు చేయలేదు. కాని పుట్టింది మాత్రం ఆ అప్పుల ఇంట్లోనే. అది అతని తప్పు కాదు, అతని పరిస్థితి. పెద్దయ్యాక తన వంతుగా కొత్త అప్పులు కూడా చేస్తే అప్పుడు తండ్రి పేరు చెప్పి తప్పించుకోలేడు. మనలో ఎవరమూ ఆ రెండో పని చేయకుండా లేము.

పాపం నా స్వభావంలోనే ఉంటే, పాపం చేశానని నన్ను తప్పుపట్టడం న్యాయమా?

అసలు ముడి ఇక్కడే ఉంది. కాస్త నిదానంగా విప్పాలి.

ఐదో శతాబ్దం మొదట్లో రోము నగరంలో పెలాజియస్ అనే భక్తుడుండేవాడు. బ్రిటన్ నుంచి వచ్చినవాడు, నిష్ఠాపరుడు. అగస్టీన్ రాసుకున్న ఒక ప్రార్థనను ఒక బిషప్పు అతని ముందు చదివాడట: "నీవు ఆజ్ఞాపించేదాన్ని నాకు ఇవ్వు, ఆ తరవాత నీ ఇష్టం వచ్చింది ఆజ్ఞాపించు." పెలాజియస్‌కు ఒళ్ళు మండింది. ఆజ్ఞను పాటించే శక్తి కూడా దేవుడే ఇవ్వాలంటే ఇక మనిషి చేసేదేముంది? సోమరులకు ఇంతకన్నా మంచి సాకు దొరుకుతుందా? దేవుడు ‘చెయ్యి’ అన్నాడంటే మనిషి చేయగలడనే కదా అర్థం?

పెలాజియస్‌ను దుర్మార్గుడిగా చిత్రించడం తేలిక. కాని అతని భయం నిజమైన భయమే. తన తప్పుకు బలహీనతను అడ్డం పెట్టుకునే విశ్వాసులు అతని కాలంలోనే కాదు, ఏ కాలంలోనూ తక్కువ లేరు.

అగస్టీన్ జవాబు అనుభవంలోంచి వచ్చింది. పదహారేళ్ళ వయసులో స్నేహితులతో కలిసి పొరుగు తోటలో బేరిపళ్ళు దొంగిలించాడు. ఆకలై కాదు. ఇంట్లో అంతకన్నా మంచి పళ్ళున్నాయి. తెచ్చినవాటిలో చాలావరకు పందులకు విసిరేశారు. తప్పు అన్న రుచి కోసమే తప్పు చేశాడు. ఎన్నో ఏళ్ళ తరవాత ఆ పళ్ళ గురించి పేజీలకు పేజీలు రాశాడు. కొందరికి అది అతిగా కనిపిస్తుంది, నాకు మాత్రం కాదు. ‘చేయగలిగీ చేయలేదు’ అన్న లెక్కలో ఇమడని చీకటి ఏదో మనిషి ఇష్టంలోనే ఉందని అతను గుర్తించాడు. కాళ్ళకు సంకెళ్ళు పడినవాడు నడవాలనుకుంటాడు, నడవలేడు. పాపి సంగతి వేరు. అతనికి నడవాలనే లేదు. అతని ఇష్టమే సంకెల.

ఇక్కడే బాధ్యతకు చోటుంది. ఎవరో మెడపట్టి చేయించిన పనికి నన్ను నిందించడం అన్యాయం. కాని పాపం నాకు ఇష్టమయ్యే జరుగుతుంది. నా ఇష్టాన్ని నేనే మార్చుకోలేకపోవచ్చు, అయినా అది నా ఇష్టమే. పౌలు రోమా 7లో తాను కోరిన మేలు చేయక కోరని కీడు చేస్తున్నానని వాపోయాడు. ఆ అధ్యాయమంతా ‘నేను, నేను’ అనే ఉంటుంది. నాలో నివసిస్తున్న పాపమే చేస్తోంది అని ఒకచోట అన్నా, చివరికి "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుణ్ణి" అని తన మీదికే తెచ్చుకున్నాడు.

418లో కార్తేజీలో కూడిన సభ పెలాజియస్ బోధను తోసిపుచ్చింది. 431లో ఎఫెసు సభ కూడా ఆ పక్షాన్ని ఖండించింది. అయితే అగస్టీన్ చివరి రోజుల్లో రాసిన ప్రతి మాటనూ సంఘం నెత్తిన పెట్టుకోలేదు. 529లో ఆరెంజ్ సభ, మొదటి అడుగు కూడా కృపదే అని అంగీకరించింది. దేవుడు కొందరిని కీడుకే నిర్ణయించాడన్న మాటను మాత్రం శపించింది.

సాతాను చేయించాడు అనవచ్చా?

ఏదెను తోటలో హవ్వ ఆ మాటే అంది. ఆదాము ఇంకో మెట్టు పైకెక్కి "నువ్విచ్చిన స్త్రీ" అని దేవుడి మీదికే తోశాడు. ఇద్దరి సాకులూ చెల్లలేదు. ఆదికాండం 4లో, తమ్ముణ్ణి చంపబోతున్న కయీనుతో దేవుడు అన్నదీ చూడండి: పాపం వాకిట పొంచి ఉంది, నీవు దాన్ని ఏలాలి. పొంచి ఉన్న మాట నిజమే. తలుపు తీసే చెయ్యి మాత్రం కయీనుదే.

కృప అంటే క్షమాపణేనా?

క్షమాపణ అందులో ఒక భాగం. ‘కృప’ అని మనం చదివే చోట పాత నిబంధనలో తరచూ ‘హెసెద్’ అనే మాట ఉంటుంది. మాట ఇచ్చి నిలబడే ప్రేమ అని దాని భావం. కొత్త నిబంధనలోని గ్రీకు మాట ‘ఖారిస్’. దానం, దయ, కృతజ్ఞత అన్నీ ఆ ఒక్క మాటలోంచే పుడతాయి. తెలుగు కతోలికులు దీన్నే వరప్రసాదం అంటారు. ఇది నాకు ఇష్టమైన మాట. వరమూ ఉంది, ప్రసాదమూ ఉంది. సంపాదన అనే వాసన ఎక్కడా లేదు.

రోమా 6:23లో పౌలు వేసిన లెక్క సూటిగా ఉంది. పాపం వల్ల వచ్చేది ‘జీతం’, దేవుని నుంచి వచ్చేది ‘కృపావరం’. జీతం అన్నచోట గ్రీకులో ఉన్నది సైనికులకిచ్చే భత్యాన్ని చెప్పే మాట. కష్టపడి సంపాదించుకున్నది మరణం. ఉచితంగా వచ్చేది జీవం. రెండింటినీ ఒకే ఖాతాలో రాయకూడదు.

ఇంకొకటి: కృప పాత లెక్కను కొట్టేయడంతో ఆగిపోదు. మనిషిని లోపలి నుంచి బాగుచేస్తుంది కూడా. దోషికి క్షమాపణ కావాలి, రోగికి వైద్యం కావాలి. పశ్చిమ సంఘాలు న్యాయస్థానం భాషలో ఎక్కువ మాట్లాడాయి, తూర్పు సంఘాలు వైద్యశాల భాషలో ఎక్కువ మాట్లాడాయి. రెండు భాషలూ బైబిల్లో ఉన్నవే.

కృప ఉచితమైతే నేను చేయవలసింది ఏమీ లేదా?

ఫిలిప్పీ 2:12 చదివి అక్కడే ఆపేస్తే, రక్షణ అంతా మన చేతుల్లోనే ఉందనిపిస్తుంది. భయంతో, వణుకుతో మీ సొంత రక్షణను కొనసాగించుకోండి అంటుంది. 13వ వచనం మాత్రమే చదివితే అంతా దేవుడే చూసుకుంటాడనిపిస్తుంది. మీలో ఇష్టాన్నీ కార్యాన్నీ కలగజేసేది దేవుడే అంటుంది. ఈ రెండు వచనాలనూ కలిపే మాట ‘ఎందుకనగా’. ‘అయినప్పటికీ’ కాదు. నువ్వు చెయ్యి, ఎందుకనగా నీలో దేవుడు పనిచేస్తున్నాడు అంటున్నాడు పౌలు. దేవుడు సగం, మనిషి సగం అనే పంపకం ఇందులో లేదు.

ఎఫెసీ 2:8–9ని కంఠస్థం చేసినవాళ్ళు చాలామంది 10వ వచనం దగ్గర నోరు మూసుకుంటారు. క్రియల వల్ల కాదు అని చెప్పిన ఊపిరిలోనే, సత్‌క్రియలు చేయడానికే మనల్ని సృష్టించాడని పౌలు అన్నాడు. క్రియలు చెట్టుకు వేరు కావు, పండు. వేరులేని చెట్టుకు పండు వేలాడదీస్తే అది నాటకం. వేరుండి ఏళ్ళు గడిచినా కాయలు లేవంటే, ఆ వేరు బతికే ఉందా అని తవ్వి చూడాల్సిందే. యాకోబు పత్రిక రెండో అధ్యాయం చేసేది ఆ తవ్వకమే.

పశ్చాత్తాపపడటం, నమ్మడం: ఇవైనా నావేనా, అవి కూడా దేవుడే ఇస్తాడా?

వెయ్యిన్నర సంవత్సరాలుగా తెగని ప్రశ్న. ఎఫెసీ 2:8లో ‘ఇది మీవలన కలిగినది కాదు’ అన్నప్పుడు ‘ఇది’ అంటే ఏది? విశ్వాసమా, రక్షణా? గ్రీకులో ‘విశ్వాసం’ స్త్రీలింగం, ‘ఇది’ నపుంసకం. కాబట్టి ఆ వాక్యం మొత్తాన్ని సూచిస్తోందని చాలామంది పండితులు అంటారు. అంటే వ్యాకరణం ఒక్కటే ఈ వాదాన్ని తేల్చలేదు.

1524లో పండితుడు ఎరాస్మస్ మనిషి ఇష్టానికి కొంత స్వేచ్ఛ ఉందని రాశాడు. మరుసటి ఏడు ప్రొటెస్టంట్ సంస్కర్త లూథర్ ఆ ఇష్టం బానిస అని ఘాటుగా బదులిచ్చాడు. 1610లో డచ్ వేదాంతి ఆర్మీనియస్ శిష్యులు తమ ఐదు అంశాలను ముందుపెట్టారు: కృప అవసరమే, కాని మనిషి దాన్ని కాదనగలడు. 1618–1619లో డచ్ సంఘం కూర్చిన డోర్ట్ సభ దాన్ని తోసిపుచ్చి, దేవుడు ఏర్పరచుకున్నవాళ్ళను కృప తప్పక గెలుచుకుంటుందని తీర్మానించింది. పద్దెనిమిదో శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ ఇంకో దారి చూపాడు. మనిషి తనంతట తాను దేవుని వైపు తిరగలేడన్న మాట నిజమే. అయితే ముందుగా వచ్చి తట్టిలేపే కృపను దేవుడు అందరికీ ఇచ్చాడు. దాని వల్లే అందరూ జవాబివ్వగలరు, అందుకే అందరూ జవాబుదారులు.

మీరు ఏ సంఘంలో ఉన్నా ఒకటి గమనించండి. వీళ్ళలో ఎవరూ "నేను ముందు మొదలుపెట్టాను, దేవుడు తరవాత కలిశాడు" అనలేదు. అంతటి వాదులాటలోనూ మొదటి అడుగు ఎవరిదన్న దగ్గర గొడవ లేదు.

ఐగుప్తు రాజు ఫరో హృదయాన్ని దేవుడే కఠినపరిస్తే ఫరో తప్పేముంది?

నిర్గమకాండాన్ని వరుసగా చదవండి. దేవుడు కఠినపరుస్తానని ముందే చెప్పిన మాట 4, 7 అధ్యాయాల్లో ఉంది. అయితే ఇశ్రాయేలీయులను విడిచిపెట్టనందుకు ఐగుప్తు మీదికి తెగుళ్ళు మొదలయ్యాక, తొలి ఐదింటిలో ఫరో గుండె కఠినమైందని గాని, తానే కఠినపరచుకున్నాడని గాని ఉంటుంది. ‘యెహోవా కఠినపరిచాడు’ అన్న మాట ఆరో తెగులు, అంటే దద్దుర్ల తెగులు, తరవాతే (9:12) వస్తుంది. ఐదుసార్లు వెనక్కి తిరిగే అవకాశం వచ్చింది.

ఇంతటితో రోమా 9 తేలిపోయిందని మాత్రం అనను. అక్కడ పౌలు కుమ్మరి, మట్టి ఉపమానం తెచ్చి దేవుని స్వాతంత్ర్యాన్ని గట్టిగా నిలబెట్టాడు. కాని అదే పౌలు తరవాతి అధ్యాయంలో, అవిధేయులైన ప్రజల వైపు దినమంతా చేతులు చాపి నిలబడిన దేవుణ్ణి చూపించాడు. మొదటి బొమ్మ చూపించి రెండోదాన్ని దాచేసే ప్రసంగాలంటే నాకు అనుమానం.

ఎంత చేసినా క్షమిస్తాడు కదా, మరి చేస్తూ పోతే ఏం?

ఈ ప్రశ్న పౌలుకే ఎదురైంది. కృప విస్తరించాలని పాపంలోనే నిలిచి ఉందామా? "అట్లనరాదు" అని అతని జవాబు (రోమా 6). జర్మనీలో హిట్లర్ ప్రభుత్వాన్ని ఎదిరించిన పాస్టరు డీట్రిక్ బోన్‌హోఫర్ 1937లో దీనికి ‘చౌక కృప’ అని పేరు పెట్టాడు. పశ్చాత్తాపం లేని క్షమాపణ, సిలువ లేని కృప. ఖరీదైన కృపను ఎన్నుకున్న ఆ మనిషిని 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ నిర్బంధ శిబిరంలో ఉరితీశారు.

దేవుడు క్షమించాక పర్యవసానాలు ఎందుకు మిగులుతాయి?

నాతాను ప్రవక్త దావీదుతో "నీ పాపాన్ని యెహోవా పరిహరించాడు" అన్నాడు. ఖడ్గం నీ ఇంటిని విడువదు అని కూడా చెప్పాడు. దావీదు చంపించిన ఊరియా మాత్రం తిరిగి రాలేదు. క్షమాపణ సంబంధాన్ని బాగుచేస్తుంది గాని జరిగినదాన్ని జరగనట్టు చేయదు.

నేను నష్టపరిచిన మనిషిని అడగకుండా దేవుణ్ణి క్షమించమని అడిగితే చాలదా?

చాలదు. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడు అన్నాడు యేసు (మత్తయి 5). ఆరాధన ఆగినా ఫర్వాలేదట. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి యేసు వచ్చింది అతను డబ్బు తిరిగిచ్చాక కాదు, ముందే. అయినా ఆ కృప ఇంట్లో అడుగుపెట్టిన పూటే జక్కయ్య నోట, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్న మాట వచ్చింది. ఆస్తిలో సగం బీదలకు ఇవ్వడం అదనం.

దీనికి మరో పక్క ఉంది. దాన్ని చెప్పకపోతే అన్యాయమవుతుంది. కృప పేరు చెప్పి బాధితుల నోరు మూయించే అలవాటు కొన్ని సంఘాల్లో కనిపిస్తుంది. "దేవుడు నిన్ను క్షమించాడు కదా, నువ్వూ క్షమించి మాట్లాడకుండా ఊరుకో" అంటారు. హింసకు, లైంగిక వేధింపుకు గురైనవాళ్ళతో ఇలా అనడం బోధ కాదు, రెండో దెబ్బ. క్షమించడం వేరు, మళ్ళీ నమ్మడం వేరు, చట్టం ముందు నిజం చెప్పడం వేరు. మత్తయి 18లో ‘డెబ్బది ఏళ్ళ మారుల మట్టుకు’ (అంటే డెబ్బై ఏడులసార్లు) క్షమించమన్న మాట కంటే ముందే, తప్పు చేసినవాణ్ణి నిలదీసి, సాక్షుల్ని తీసుకెళ్ళి, వినకపోతే సంఘం ముందు పెట్టమన్న మాట ఉంది. కీడు చేసినవాడు బాధ్యత తీసుకోవడం కృపకు అడ్డం కాదు. కృప అతనిలో పనిచేస్తే మొదట బయటపడేది ఆ బాధ్యతే.

వ్యసనం, మానసిక వ్యాధి పాపమా?

వ్యాధి పాపం కాదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి "ఎవరి పాపం?" అని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదు అన్నాడు యేసు (యోహాను 9). కుంగుబాటుతో ఉన్నవాళ్ళకు "విశ్వాసం తక్కువైంది" అని చెప్పేవాళ్ళు ఈ అధ్యాయాన్ని ఒకసారి గట్టిగా చదవాలి. మందు అవసరమైనప్పుడు వైద్యుడి దగ్గరికి వెళ్ళడం కృపను కాదనడం కాదు.

వ్యసనం ఇంకాస్త చిక్కైనది. మొదటి అడుగులో ఉన్నంత స్వేచ్ఛ వందో అడుగులో ఉండదు. భయం, అలవాటు, అజ్ఞానం, ఒత్తిడి లాంటివి బాధ్యతను తగ్గించగలవని కతోలిక సంఘం తన ధర్మోపదేశంలోనే రాసుకుంది. బాధ్యత తగ్గుతుంది అంటే సున్నా అవుతుందని కాదు. లేవలేనివాణ్ణి లేవలేదని కొట్టకూడదు. చెయ్యి అందించినప్పుడు పట్టుకోమని మాత్రం అడగవచ్చు.

కతోలికులు క్రియల వల్ల, ప్రొటెస్టంట్లు విశ్వాసం వల్ల రక్షణ అంటారు కదా?

ఇద్దరి గురించీ ఇది సగం తెలిసిన మాట. కృప లేకుండా తన క్రియల వల్లే మనిషి నీతిమంతుడు కాగలడని చెప్పేవాణ్ణి శపిస్తూ ట్రెంట్ మహాసభ 1547లో మొదటి నిబంధనే రాసింది. లూథర్ మాత్రం, నిజమైన విశ్వాసం మంచి పనులు చేయకుండా ఊరుకోలేదని పదేపదే చెప్పాడు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం కలిసి ఈ అంశంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాల సమాఖ్య అందులో చేరారు. తేడాలు మిగిలే ఉన్నాయి. పాత శాపాలు మాత్రం నేటి బోధకు వర్తించవని ఒప్పుకున్నారు.

క్షమించరాని పాపం చేశానేమోనని భయంగా ఉంది.

మార్కు 3లో యేసు ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. కళ్ళముందు జరుగుతున్న మేలును చూస్తూ, అది దయ్యం పని అని ముద్ర వేసిన శాస్త్రులతో. వెలుగును చీకటి అనడానికి నిశ్చయించుకున్నవాళ్ళతో. అలాంటివాళ్ళకు ఈ భయం పుట్టదు. భయంతో మీరు ఈ ప్రశ్న అడుగుతున్నారంటే, మీరు అటువైపు లేరు. ఈ ఆలోచన రాత్రీ పగలూ వదలకుండా వేధిస్తుంటే నమ్మదగిన పెద్దలతో మాట్లాడండి, వైద్యుడితో కూడా మాట్లాడండి.

యూదా కూడా ఒప్పుకున్నాడు, పేతురూ ఏడ్చాడు. మరి తేడా ఎక్కడ?

యేసును పట్టించిన శిష్యుడు యూదా చాలా చేశాడు. నిరపరాధిని పట్టించి పాపం చేశానని నోరారా ఒప్పుకున్నాడు. ముప్పై వెండి నాణేలు తిరిగిచ్చాడు. బాధ్యత తీసుకోవడంలో లోటు లేదు. కాని అతను వెళ్ళింది ప్రధాన యాజకుల దగ్గరికి. వాళ్ళన్న మాట: "దానితో మాకేమి? నీవే చూచుకొనుము." కృప లేని బాధ్యత ఎలా వినిపిస్తుందో తెలియాలంటే ఆ ఒక్క మాట చాలు. పాపాన్ని ఒప్పుకున్న మనిషికి "పాపం" అనే దిక్కు లేకపోయింది.

యేసు ఎవరో తెలియదని పేతురు బొంకింది బొగ్గుల మంట దగ్గర, మూడుసార్లు. యోహాను 21లో తెల్లవారుజామున ఒడ్డున మళ్ళీ బొగ్గుల మంట కనిపిస్తుంది. ఈసారి దాన్ని సిద్ధం చేసింది యేసు. "నన్ను ప్రేమిస్తున్నావా?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి పేతురు నొచ్చుకున్నాడని కూడా యోహాను రాశాడు. జరిగినదాన్ని యేసు మాటవరసకు కూడా చిన్నది చేయలేదు. అదే మంట, అదే లెక్క దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ముందు మాత్రం అన్నం పెట్టాడు.

ప్రార్థనలో ఎలా మొదలుపెట్టాలి?

లూకా 18లో సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) దగ్గర నేర్చుకోండి. గ్రీకులో అతని ప్రార్థన మొత్తం ఆరు మాటలు: దేవా, పాపినైన నన్ను కరుణించుము. పక్కన పరిసయ్యుడు దొంగల్నీ, వ్యభిచారుల్నీ, ఈ సుంకరినీ లెక్కపెడుతున్నాడు. సుంకరి మాత్రం ఎవరినీ లెక్కపెట్టలేదు. తెలుగులో కనిపించని చిన్న విషయం ఒకటుంది. గ్రీకులో అతను ‘ఒక పాపిని’ అనలేదు, ‘ఆ పాపిని’ అన్నాడు. గుళ్ళో ఇంకెవరూ పాపులు లేనట్టు, ఆ బిరుదు తనొక్కడిదే అయినట్టు. ‘కరుణించుము’ అన్నచోట వాడిన క్రియ కూడా మామూలుగా జాలి చూపమని అడిగేది కాదు, ప్రాయశ్చిత్తానికి సంబంధించింది. దూరంగా నిలబడి, కళ్ళెత్తకుండా, రొమ్ము కొట్టుకుంటూ అన్న మాట అది.